విదేశీ యురేనియం వస్తుంటే మన కొండలు ఎందుకు తవ్వుతున్నారు?

కుందూనీరు
2008లో అమెరికాతో అణు ఒప్పందం కుదిరినప్పుడు, ఇకమీదట ప్రపంచమంతా మనకు యురేనియం అమ్ముతుందనీ, ఇంధనం లేక రియాక్టర్లు కునుకు తీసే రోజులు పోయాయనీ చెప్పారు. ఆ ఒప్పందం కోసం కేంద్ర ప్రభుత్వమే పడిపోయే దాకా వెళ్లింది. చెప్పినట్టుగానే కజకిస్తాన్, రష్యా, కెనడాల నుంచి యురేనియం వచ్చింది. అయినా మన పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో గని నడుస్తూనే ఉంది, 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో కూడా బోర్లు వేస్తామని బయలుదేరారు. బయట కొనుక్కునే వీలు దొరికాక ఇంటి వెనుక తవ్వడం దేనికన్నది నా ప్రశ్న. ఒప్పందం మంచిదా చెడ్డదా అనే పాత గొడవను మళ్లీ పెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ రోజు గొంతు చించుకున్న పార్టీల్లో ఒక్కటైనా ఈ ప్రశ్న వేసిందా అని మాత్రం తెలుసుకోవాలని ఉంది.

శెనక్కాయ
పాత గొడవ పెట్టనని చెప్పి మొదలుపెట్టిన చర్చలన్నీ పాత గొడవతోనే నిండుతాయి. నేను కుర్చీ వేసుకొని కూర్చున్నాను, కానివ్వండి.

లెక్కలయివారు
కుందూనీరు అడిగిన దానికి జవాబు ఆ ఒప్పందం లోపలే ఉంది. 2005 జులై 18న మన్మోహన్ సింగ్, జార్జ్ బుష్ ఉమ్మడి ప్రకటన చేసినప్పుడే, మన రియాక్టర్లను పౌర అవసరాలకు కొన్ని, దేశ రక్షణ అవసరాలకు కొన్ని అని విడదీయడానికి మనం ఒప్పుకున్నాం. ఆ తర్వాత వేసిన లెక్క ప్రకారం 22 రియాక్టర్లలో 14 పౌర జాబితాలోకి వెళ్లాయి. వాటిని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదారులు వచ్చి చూస్తారు, బయటి దేశాల నుంచి కొన్న యురేనియాన్ని ఆ తనిఖీ ఉన్న చోట్లనే వాడాలి. మిగిలిన 8 రియాక్టర్లకు గానీ, ఆయుధాల పనికి గానీ ఆ సరుకును ముట్టుకోవడానికి వీల్లేదు. వాటికి జార్ఖండ్‌లోని జాదుగూడ వైపు గనులు, మన తుమ్మలపల్లె, ఇలాంటి దేశీయ గనులే దిక్కు. కాబట్టి ఒప్పందం వచ్చినందువల్ల ఇక్కడి రాయికి అవసరం తీరిపోలేదు. ఎవరి తనిఖీ లేకుండా వాడుకోగల ఇంధనం కనుక దాని విలువ ఇంకా పెరిగింది. విదేశీ యురేనియం రావడానికీ, ఇక్కడ తవ్వకం ఆగకపోవడానికీ మూలం ఒకే కాగితం.

బురుజుకాడ
అయివారు చెప్పినది నిజమే గానీ అది సగం నిజం. 1974లో మనం పోఖ్రాన్‌లో అణు పరీక్ష జరిపిన తర్వాతే, దాన్ని కారణంగా చూపి, అణు ఇంధనం, పరికరాలు అమ్మే దేశాలు కలిసి అణు సరఫరాదారుల బృందంగా ఏర్పడ్డాయి. మూడు దశాబ్దాలకు పైగా మనకు తలుపులు మూసిన అదే బృందం 2008 సెప్టెంబరు 6న, అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంపై సంతకం చేయని మన దేశానికి మినహాయింపు ఇచ్చింది. అంతకుముందు ఇంధనం చాలక రియాక్టర్లను ఇంచుమించు సగం సామర్థ్యంతో నడిపారు. ఆ కొరత తీరకపోయి ఉంటే రియాక్టర్లన్నిటికీ మన రాయే ఆధారమయ్యేది, అప్పుడు తుమ్మలపల్లె ఒక్కదానితో ఆగేవారా అని ఆలోచించాలి.

ఎర్రమన్ను
ఆగేవారా, తవ్వేవారా అన్న ఊహలు పక్కన పెట్టి జరిగినదే మాట్లాడుకుందాం. వామపక్షాలు ఒప్పందాన్ని వ్యతిరేకించింది అణు విద్యుత్తు మీద కోపంతో కాదు. ఈ ఒప్పందానికి వీలు కల్పిస్తూ 2006 డిసెంబరులో అమెరికా చేసిన హైడ్ చట్టంలో ఇరాన్ విషయంలో భారత్ తమతో కలిసి రావాలన్న మాట స్పష్టంగా ఉంది, అంతకు ముందే 2005 సెప్టెంబరులో అణుశక్తి సంస్థ బోర్డులో మనం ఇరాన్‌కు వ్యతిరేకంగా ఓటు వేశాం. విదేశాంగ విధానాన్ని తాకట్టు పెట్టి ఇంధనం కొనుక్కోకూడదన్నది వారి వాదన. దాని కోసమే 2008 జులైలో మద్దతు ఉపసంహరించుకున్నారు. ఈ దేశంలో ఒక విధానం కోసం అధికారానికి దగ్గరగా ఉన్న చోటును వదులుకున్న పార్టీలు ఎన్ని ఉన్నాయో చెప్పండి.

శెనక్కాయ
అన్నా, వదులుకున్న తర్వాత 2009 ఎన్నికల్లో జనం కూడా వారిని వదులుకున్నారు, అది కూడా రాయి.

ఎర్రమన్ను
రాశాననుకో.

కుందూనీరు
ఎర్రమన్ను గారూ, మీరు చెప్పిన కారణాల్లో ఇరాన్ ఉంది, అమెరికా ఉంది, తుమ్మలపల్లె మాత్రం లేదు. 2007 నవంబరులో లోక్‌సభలో ఈ ఒప్పందం మీద చర్చ జరిగింది. అదే నెలలో ఇక్కడ వేముల మండలంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి గని, శుద్ధి కర్మాగారాలకు శంకుస్థాపన చేశారు. ఒకే విషయానికి సంబంధించిన రెండు పనులు ఒకే నెలలో జరుగుతుంటే, ఢిల్లీలో సార్వభౌమత్వం గురించి, ఇక్కడ ఉద్యోగాల గురించి మాట్లాడారు. రెంటినీ కలిపి చూసినవారు ఎవరైనా ఉన్నారా అన్నదే నేను అడుగుతున్నది.

ఎర్రమన్ను
మా వాళ్లు ఆ పల్లెల్లో తిరిగారు, తర్వాత తర్వాత సభలు కూడా పెట్టారు. అయితే ఢిల్లీ వాదనలో ఆ మాట లేదన్నది ఒప్పుకోవలసిందే.

ముద్దనూరు బొగ్గు
థర్మల్ కేంద్రంలో పనిచేసి బయటికి వచ్చినవాడిని. అణు విద్యుత్తు పేరు చెప్పగానే భయపడేవారు బొగ్గు గురించి ఒక్క మాటైనా అనరు. మన రాయలసీమ థర్మల్ కేంద్రానికి బొగ్గు వందల కిలోమీటర్ల అవతలి నుంచి రైలు మీద రావాలి. బొగ్గు రైళ్లు రావడం రెండు రోజులు ఆలస్యమైతే యూనిట్లు ఆపుకొని కూర్చున్న సందర్భాలు ఉన్నాయి. బూడిద సంగతి చుట్టుపక్కల వారికి నేను చెప్పనక్కరలేదు. ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్తు పార్కు వచ్చింది, సంతోషమే, కానీ పొద్దు గుంకిన తర్వాత దానితో మోటారు తిరగదు. రాత్రంతా నిలకడగా ఇచ్చేది బొగ్గు లేదా అణువు, ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. ఒప్పందాన్ని తిట్టేవారు ఆ ఎంపిక కూడా చెప్పాలి.

బురుజుకాడ
పిన్నాపురంలో నీళ్లను పగలు పైకి తోడి రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టు ఎందుకు కట్టారో ముద్దనూరు అన్న ఒకసారి చూడాలి. ఎంపికలు రెండే అన్న మాట ఇప్పుడు నిలవదు. ఇంకొక సంగతి ఏమంటే, ఒప్పందం వల్ల ఏ అమెరికా రియాక్టర్లు వస్తాయన్నారో వాటిలో ఒక్కటి కూడా ఇప్పటికీ మన నేల మీద లేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఆరు రియాక్టర్లు కడుతుందన్నారు, 2017 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మహారాష్ట్ర జైతాపూర్‌లో ఫ్రెంచి రియాక్టర్లదీ అదే నత్తనడక. విదేశీ రియాక్టర్లలో కదిలింది కూడంకుళం ఒక్కటే, దాని ఒప్పందం 1988లో రాజీవ్ గాంధీ, గోర్బచేవ్ కాలం నాటిది.

కుందూనీరు
నేను ఒప్పందాన్ని తిట్టడం లేదు. పైగా రియాక్టరుకు లెక్కలేనన్ని నీళ్లు కావాలి కాబట్టి సముద్రపు ఒడ్డునో, పెద్ద జలాశయం పక్కనో కడతారు. మన సీమకు రియాక్టరు రాదు, గని మాత్రమే వస్తుంది. లాభనష్టాల లెక్క ఇక్కడి నుంచి వేరుగా కనిపించడం సహజం.

చీనీతోట
నాది ఆ మండలమే, ఊరి పేరు రాయను, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. చీనీ (బత్తాయి) చెట్లు, రెండు ఎకరాల అరటి ఉన్నాయి. మా బోరు నీళ్లు డ్రిప్పు పైపుల చివర తెల్లగా పేరుకుంటాయి, గోటితో గీకితే పెచ్చులుగా ఊడి వస్తుంది, నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా కాకుండా సోడా మాదిరిగా ఉంటుంది. అరటి ఆకు అంచుల నుంచి మాడుకుంటూ లోపలికి వస్తుంది, గెల కాసినా కాయ ఊరదు. ఇది ఎవరి వల్ల అని నేను నేరం మోపడం లేదు, అది తేల్చవలసినవారు వేరే ఉన్నారు. నీళ్లు సీసాలో పట్టుకొని ఒక కార్యాలయానికి ఇచ్చి వస్తే, ఫలితం మాకు చెప్పే అధికారం తమకు లేదన్నారు. మా ఊరి నీళ్ల సంగతి మాకు చెప్పడానికి ఎవరికి అధికారం ఉందో కూడా వారు చెప్పలేదు. ఇక మండీ దగ్గర వ్యాపారి గెలలు చూసి ఒక ధర అంటాడు, ఏ ఊరివని అడిగి తెలుసుకున్నాక ధర దించుతాడు. ఊరి పేరు ఎందుకు రాయలేదో అర్థమైందనుకుంటాను.

లెక్కలయివారు
చీనీతోట చెప్పినది చదివాక కొన్ని అంకెలు ముందు పెట్టాలనిపించింది. తుమ్మలపల్లె రాయిలో యురేనియం చాలా తక్కువ, టన్ను రాయిలో అర కిలో కూడా ఉండదు. ఆ కర్మాగారాన్ని రోజుకు 3,000 టన్నుల రాయి కోసం కట్టారు, అంటే నిండుగా నడిచిన రోజున టన్ను పైచిలుకు యురేనియం పోగా మిగిలిన పిండి అంతా గుజ్జుగా మారి టెయిల్ పాండ్‌కు, అంటే వ్యర్థాలు నిలవ ఉంచే చెరువుకు వెళ్లాలి. ఆ రాయి సున్నపు జాతిది కాబట్టి యాసిడ్ పోస్తే యాసిడ్ అంతా రాయే తాగేస్తుంది, అందుకని జాదుగూడలో మాదిరి కాకుండా ఇక్కడ సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్లతో, అంటే సోడా జాతి లవణాలతోనే యురేనియాన్ని విడదీస్తారు. అయితే మరొక మాట కూడా చెప్పాలి. మన సీమలో గని ఏదీ లేని ఊళ్లలో కూడా బోర్లు లోతుకు వెళ్లేకొద్దీ ఉప్పు, ఫ్లోరైడు పెరగడం మామూలే. గని రాకముందు ఆ బోరు నీళ్లు ఎలా ఉండేవన్న పరీక్ష ఫలితం చేతిలో లేకుండా, ఆ తెలుపు గని నుంచే వచ్చిందని గానీ రాలేదని గానీ లెక్క తెలిసినవాడు చెప్పలేడు.

చీనీతోట
అయివారూ, రాకముందు పరీక్ష చేయించుకోవాలని చదువుకోని మాకు తెలియకపోవచ్చు, పెట్టేవారికి తెలియదా?

లెక్కలయివారు
తెలుసు, చట్టప్రకారం పర్యావరణ ప్రభావ నివేదికలో చుట్టుపక్కల నీటి వివరాలు ఉండాలి. ఆ నివేదిక తెలుగులో మీ పంచాయతీ గోడ మీద ఉండి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

పత్తికొండ టమాటా
మా వైపు సంగతి వేరుగా జరిగింది. దేవనకొండ మండలం కప్పట్రాళ్ల రిజర్వు అడవిలో యురేనియం ఉందో లేదో చూడడానికి 68 బోర్లు వేస్తామని అణు ఖనిజాల శాఖ ప్రతిపాదించిన సంగతి 2024 చివర్లో బయటపడింది. తవ్వకం కాదు, అన్వేషణ మాత్రమే అని అధికారులు ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు, ఎందుకంటే కడప పక్కన ఏమైందో అందరూ ఫోన్లలో చూసి ఉన్నారు. ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకొని తారు రోడ్డు మీద కూర్చున్నారు. అధికార పార్టీ వారూ, ప్రతిపక్షం వారూ పోటీపడి వచ్చి మేము మీతోనే ఉన్నామన్నారు. నవంబరు మొదట్లోనే ఆపుతున్నామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అమెరికా ఒప్పందం గురించి మా ఊళ్లలో ఎవరికీ తెలియదు, తెలియవలసిన అవసరం కూడా రాలేదు.

ముద్దనూరు బొగ్గు
అందరూ మా ఊరిలో వద్దంటే దేశానికి ఇంధనం ఎక్కడి నుంచి వస్తుంది? జార్ఖండ్ గిరిజనుల పల్లెల్లో తవ్వితే ఫర్వాలేదు, మన పల్లెల్లో తవ్వితే తప్పు అన్నట్టుగా ఉంది ఈ వరుస.

పత్తికొండ టమాటా
జార్ఖండ్‌లో ఫర్వాలేదని ఇక్కడ ఎవరు అన్నారో చూపించండి. అక్కడివారు కూడా అడిగారు, వినేవారు లేకపోయారు.

మడకశిర వకీలు
కుందూనీరు మొదట్లో అడిగిన ప్రశ్నకు చట్టం వైపు నుంచి ఒక సంగతి చెప్పాలి. మన రాజ్యాంగం ప్రకారం ఇతర దేశాలతో ఒప్పందం చేసుకోవడం కార్యనిర్వాహక వ్యవస్థ పని, దానికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. 2008 జులై 22న లోక్‌సభలో 275, 256 అని వచ్చిన ఓట్లు ప్రభుత్వం మీద విశ్వాసానికి సంబంధించినవే తప్ప ఒప్పందం మీద కాదు. అదే ఒప్పందాన్ని అమెరికాలో ప్రతినిధుల సభ 298కి 117తో, సెనేట్ 86కి 13తో ఓటింగ్ పెట్టి ఆమోదించాయి. వారు అంశం మీద ఓటు వేశారు, మనం మంత్రివర్గం మీద ఓటు వేశాం. మంత్రివర్గం ఉండాలా పోవాలా అన్న ఓటులో ఏ ఊరి నీళ్ల సంగతీ రాదు, ఎవరికి ఎంత మంది ఉన్నారన్న లెక్క మాత్రమే వస్తుంది. ఆ లెక్కలో భాగంగానే, అంతవరకు వ్యతిరేకంగా ఉన్న సమాజ్‌వాదీ పార్టీ అబ్దుల్ కలాం మాట విన్నామని చెప్పి ప్రభుత్వం వైపు వచ్చింది, వ్యతిరేకంగా వేయమని తెలుగుదేశం చెప్పినా ఆ పార్టీ సభ్యుల్లో ఇద్దరు అనుకూలంగా వేశారు.

శెనక్కాయ
తమను కొనజూశారంటూ కొందరు సభ్యులు సభలో నోట్ల కట్టలు తీసి బల్ల మీద పెట్టినది కూడా ఆ రోజే. మా తాత టీవీ ముందు కూర్చొని, అణుశక్తి అంటే ఇంత ఉంటుందని నేను అనుకోలేదురా అన్నాడు.

బురుజుకాడ
వకీలు సామీ, ఓటింగ్ పెట్టినా గొప్ప మార్పేమీ ఉండేది కాదని నా అనుమానం. ఎందుకంటే పార్లమెంటు అంశం మీదే ఓటు వేసిన సందర్భం కూడా ఉంది, దాని గతి చూడండి. 2010లో అణు ప్రమాద నష్టపరిహార చట్టం వచ్చింది. భోపాల్ గ్యాస్ కేసులో కింది కోర్టు తీర్పు అదే ఏడాది జూన్‌లో వచ్చి జనం మండిపడుతున్న సమయం అది. రియాక్టరు నడిపేవారి బాధ్యతకు 1,500 కోట్ల రూపాయల పరిమితి పెట్టారు, అయితే పరికరంలో లోపం ఉంటే సరఫరా చేసిన కంపెనీ నుంచి కూడా రాబట్టుకోవచ్చన్న 17(బి) నిబంధనను భాజపా, వామపక్షాలు గట్టిగా పట్టుబట్టి నిలబెట్టాయి. విదేశీ కంపెనీలు వెనకాడడానికి ప్రధాన కారణం ఆ నిబంధనే. 2025 డిసెంబరులో శాంతి చట్టం పేరుతో అదే భాజపా ప్రభుత్వం దాన్ని తీసివేసి, ప్రైవేటు కంపెనీలకు కూడా తలుపు తెరిచింది. ఒప్పందం తెచ్చిన కాంగ్రెస్ ఇప్పుడు ఆ బిల్లును కమిటీకి పంపమని అడిగింది. కుర్చీలు మారితే అభిప్రాయాలు కూడా మారతాయని తెలుసు గానీ ఇంత శుభ్రంగా ఒకరి ప్రసంగం ఒకరు మార్చుకోవడం నేను ఎక్కడా చూడలేదు.

ఎర్రమన్ను
2010లోనూ 2025లోనూ ఒకే వైపు నిలబడినవారు ఎవరో కూడా రాస్తే బాగుండేది.

బురుజుకాడ
మీరే రాశారు కదా.

ముద్దనూరు బొగ్గు
17(బి) తీసివేయడం తప్పని నేను అనను. ప్రపంచంలో ఎక్కువ దేశాల్లో బాధ్యత నడిపేవారిదే. పదిహేనేళ్లు ఆ నిబంధన పెట్టుకొని మనం సాధించింది అమెరికా, ఫ్రెంచి రియాక్టర్లు ఏవీ కట్టకపోవడమే. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు అని లక్ష్యం పెట్టుకున్నారు, ఇప్పుడున్నది ఎనిమిది వేల పైచిలుకు. ఆ దూరం ఒక్క ప్రభుత్వ సంస్థతో నడవలేం.

మడకశిర వకీలు
మీరిద్దరూ పోట్లాడుకుంటున్న ఆ 2010 చట్టం చీనీతోటకు ఏ విధంగానూ వర్తించేది కాదు. ఆ చట్టంలో అణు స్థాపన అంటే రియాక్టరు, అణు ఇంధనంతో అణు పదార్థాన్ని తయారుచేసే లేదా అణు పదార్థాన్ని శుద్ధి చేసే కర్మాగారం, అణు పదార్థాన్ని నిల్వ చేసే చోటు. యురేనియం గనిని ఆ నిర్వచనంలో చేర్చలేదు. సరఫరాదారు కట్టాలా, నడిపేవారు కట్టాలా అని పదిహేనేళ్లు దేశమంతా వాదించుకున్నది రియాక్టరు పేలితే ఏమిటన్న దాని గురించి. గని పక్కన మెల్లగా జరిగే నష్టానికి మామూలు పర్యావరణ చట్టాలు, పర్యావరణ కేసులు వినే హరిత ట్రిబ్యునల్ తప్ప వేరే దారి లేదు. ఇంకొకటి కూడా గమనించాలి. గని పెట్టే ముందు ఊరిలో షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ జరిపేవారు, మన మాట రికార్డులోకి ఎక్కే ఒకే ఒక్క చోటు అది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు ఆ సేకరణ అక్కరలేదని మినహాయింపు ఇచ్చింది. ఢిల్లీలో ఒప్పందం మీద ఓటు లేదు, ఇప్పుడు పల్లెలో గని మీద మైకు కూడా లేదు.

కుందూనీరు
ఈ సెప్టెంబరు సంగతి నాకు తెలియదు. దీని మీద మన ఎంపీలు ఎవరైనా మాట్లాడారా?

శెనక్కాయ
వారికి కూడా తెలియదేమో, ఈ చర్చ పంపించు.

పత్తికొండ టమాటా
మైకు లేకపోతే రోడ్డు ఉంది. కప్పట్రాళ్లలో ఏ చట్టం చూసి ఆపలేదు, జనాన్ని చూసి ఆపారు.

మడకశిర వకీలు
ఆపుతున్నామని చెప్పిన మాటకూ, చట్టబద్ధంగా రద్దయిన ప్రతిపాదనకూ తేడా ఉంది. అణు ఖనిజాలు కేంద్రం చేతిలోని అంశం, రాష్ట్రం మాట ఇవ్వగలదు గానీ ఆ మాట ఎంతకాలం నిలుస్తుందన్నది పూర్తిగా దాని చేతిలో లేదు. మీ గ్రామసభల్లో తీర్మానాలు చేసి, నకళ్లు కలెక్టరు కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకొని పెట్టుకున్నారా?

పత్తికొండ టమాటా
తీర్మానాలు చేసినట్టు గుర్తు, ముద్రల సంగతి కనుక్కోవాలి. అయినా ముద్ర ఉన్న కాగితం చూసి ఆగిన బోరు బండిని నేను ఇంతవరకు చూడలేదు వకీలు గారూ.

మడకశిర వకీలు
మీరు చూడకపోవచ్చు, ట్రిబ్యునల్ మాత్రం ఆ కాగితాన్నే చూస్తుంది. చీనీతోట కూడా వినాలి. సీసాలో నీళ్లు మీరే పట్టుకుపోతే అది గట్టి సాక్ష్యం కాదు. నీళ్లు పట్టేటప్పుడు పంచాయతీ కార్యదర్శి, ఇద్దరు ఊరివారు పక్కన ఉండి సంతకాలు పెట్టాలి, సీసాకు సీలు వేయాలి, గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపాలి, ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయించాలి. ఇవ్వనన్న ఫలితం కోసం ఆ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో ఏదో ఒక జవాబు రాతపూర్వకంగా ఇవ్వక తప్పదు.

చీనీతోట
దరఖాస్తు ఈ వారం పెడతాను, నమూనా మీరు రాయించి ఇస్తే మంచిది. కార్యదర్శి సంతకం మాత్రం కష్టం, ఆయనకు మూడు పంచాయతీలు అప్పజెప్పారు, దొరికే రోజు చూసుకొని నీళ్లు పట్టాలి.